పసుపు పూసిన పడవ

పడవలోకి నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తాయో చెప్పండి చూద్దాం. లౌక్యా, ముందు నువ్వు. ఏట్లోంచా? సగం మార్కులు. అభీ, నువ్వు? చిల్లులోంచా? నీకూ సగమే. మీ ఇద్దరి మార్కులూ కలిపినా ఇంకా కొంచెం మిగిలిపోతుంది. ఆ మిగిలింది చెక్కలో ఉంది. చెక్క నీళ్లు తాగుతుందర్రా. టీలో ముంచిన బిస్కెట్టును చూశారుగా. పైకి బిస్కెట్టులాగే ఉంటుంది, పట్టుకుని ఎత్తబోతే సగం గ్లాసులోకి జారిపోతుంది. పడవ కూడా అంతే. ఏళ్ల తరబడి తడుస్తూ ఆరుతూ, ఆరుతూ తడుస్తూ ఉంటే పైకి చెక్కలాగే కనబడుతుంది గానీ లోపల పుచ్చిపోతుంది. ఇది మీకు అర్థమైతే కథంతా అర్థమైనట్టే. సరే, కాళ్లు ముడుచుకుని కూర్చోండి.

గోదారి నడుమ ఒక లంక ఉండేది. లంకంటే నది తన ఇసుకను తనే కుప్ప పోసుకుని, ఎందుకు పోశానా అన్నట్టు చుట్టూ తిరుగుతూ ఉండే చోటు. వేసవి దాకా మనుషులు వచ్చి అక్కడ పసుపూ కందా పండించుకునేవాళ్లు. తొలకరి పడగానే సామాను సర్దుకుని అవతలి గట్టుకు వెళ్లిపోయేవాళ్లు. ఆ తరవాత లంకంతా జంతువులదే. పొద్దున్నే అక్కడ నేల ఎక్కడ ఆగిందో, నీళ్లు ఎక్కడ మొదలయ్యాయో తెలిసేది కాదు. రెల్లు దుబ్బులు గాలికి ఒక పక్కకు ఒరిగి, మళ్లీ లేచి, నిద్రలో ఊపిరి తీస్తున్నట్టు ఉండేవి. దూరాన ఎగిరే పక్షి ఆకాశంలో ఉందో నీళ్లలో ఉందో చెప్పడం కష్టం. అలాంటి చోట ఉన్నవాళ్లకి పగలే కలలు వస్తాయి.

ఆ లంకలో కపిలయ్య అనే ఎద్దు ఉండేవాడు. బళ్లు లాగి లాగి మెడ మీద కాయ కట్టినవాడు. ఏదైనా అడిగితే వెంటనే చెప్పడు. మేత నెమరేసినట్టే మాటనూ ఒకసారి నెమరేసుకుని చెబుతాడు. అతని పక్కన చుక్కమ్మ అనే మేక, ఆవిడకి ఇద్దరు పిల్లలు. పిల్లలిద్దరూ ఇంకా గెంతడం నేర్చుకుంటున్న వయసు. గెంతడం వచ్చింది, దిగడం రాలేదు.

లంక మధ్యలో ఒక మెరక ఉంది. మెరకంటే ఎత్తుగా ఉన్న నేల. వరద వచ్చినప్పుడు నీళ్లెక్కని చోటు అదొక్కటే. తాతల కాలం నుంచీ అది ఎడ్లదీ మేకలదీ. వాళ్లని అడక్కుండా ఇంకెవరూ అక్కడ కాలు పెట్టకూడదని లంక కట్టుబాటు. కట్టుబాటు మరిచిపోయినవాళ్లకి కపిలయ్య కొమ్ములు గుర్తుచేసేవి.

అయితే ప్రతి వరదకీ గోదారి ఆ మెరకను ఒక పక్క నుంచి కోసుకుంటూ పోతోంది. కిందటేడు వరదకి ఎద్దూ మేకా దాని మీద ఒకరినొకరు ఆనుకుని, కాళ్లు దగ్గరికి తీసుకుని నిలబడాల్సి వచ్చింది. అప్పటికి చుక్కమ్మ కడుపుతో ఉంది. ఈ ఏడు పిల్లలిద్దరూ బయట ఉన్నారు. వాళ్లు ఎక్కడ నిలబడాలి? చుక్కమ్మకి ఆ ఏడాదంతా ఇదే ఆలోచన. గడ్డి నోట్లో పెట్టుకుని నమలడం మరిచిపోయేది.

ఇదంతా చలమయ్య కనిపెడుతూ ఉన్నాడు. చలమయ్య ఎవరో చెప్పలేదు కదూ. నక్క. మెత్తగా మాట్లాడతాడు, ఇంకా మెత్తగా నడుస్తాడు. వరద వచ్చినప్పుడల్లా పాపం ఏ వంగిన తుమ్మచెట్టు కొమ్మనో పట్టుకుని, ముళ్లు గుచ్చుకుంటూ, ఆకలితో వేలాడుతూ ఉండేవాడు. అతనికి ఆ మెరక కావాలి. అడిగితే ఇవ్వరని తెలుసు.

ఒక పాయలో అతనికి పడవ ఒకటి దొరికింది. పశువుల్ని రేవు దాటించే వెడల్పాటి నాటుపడవ. ఎప్పటి వరదకో పైనుంచి కొట్టుకొచ్చి, ఆ పాయ బురదలో మునిగి, వానాకాలం తడుస్తూ ఎండాకాలం ఆరుతూ పడి ఉంది. అడుగు పలక ఒకచోట బెల్లం ముద్దలా అయిపోయింది. చలమయ్య ఏం చేశాడో వినండి. పుచ్చు మీద బంకమన్ను మెత్తాడు. దాని మీద జాలర్లు పారేసిన డబ్బా అడుగున మిగిలిన తారు పూశాడు. బురద వాసన పోవడానికి మొగలిపూలు తెచ్చి పరిచాడు. ఇవన్నీ ఎవరైనా చేస్తారు. అతని తెలివి ఆ తరవాతిది. మనుషులు వదిలేసిన తోటలోంచి పసుపు కొమ్ములు తవ్వి తెచ్చి, రాయి మీద నూరి, పడవంతా లోపలా బయటా చిక్కగా పూసేశాడు.

ఎందుకంటారా? లంకలో మనుషులు ఏటా పడవలకి పసుపు పూసి గంగమ్మకి మొక్కుకోవడం జంతువులన్నీ చూశాయి. పసుపు పూసిన పడవంటే వాటికీ అమ్మవారే. నీళ్లలోకి దిగేదాకా దాన్ని గిట్టతో తట్టకూడదు, కొమ్ముతో పొడవకూడదు, గోటితో గీరకూడదు. ఈ మాట లంకలో పుట్టిన ప్రతి పిల్లకీ తెలుసు. అంటే ఏమైంది? పడవ కొనేవాడు ముందుగా చెయ్యాల్సిన పని ఏదో, సరిగ్గా ఆ పనే తప్పయి కూర్చుంది.

ఎవరెవరినో బతిమాలి పడవను ఒడ్డు మీద రెండు తాటిదుంగల మీదకి ఎత్తించి, పైన తాటాకుల కప్పు వేసి, చుక్కమ్మని పిలుచుకొచ్చాడు. పక్కనే ఒక కొంగ ఒంటికాలి మీద నిలబడి కళ్లు మూసుకుని ఉంది. పూజ చేసింది తనేనని కొంగ చెప్పింది. పూజకి ఎన్ని చేపలు ముట్టాయో మాత్రం చెప్పలేదు. కొంగ జపం అంటారే, అది ఇదే.

చుక్కమ్మ ఆ పడవను చూసి నిలబడిపోయింది. తాటాకు సందుల్లోంచి ఎండ పడి పసుపంతా వెలుగుతోంది. మొగలిపూల వాసన మత్తుగా ఉంది. పిల్లలిద్దరూ వచ్చి పడవ నీడలో పడుకున్నారు.

"చూశావా చెల్లెమ్మా, ఎంత హాయిగా పడుకున్నారో. ఒంటిగాణ్ణి, నాకెందుకమ్మా ఈ పడవ? పిల్లల తల్లివి, నీకు కావాలి గానీ. ఆ అరిగిపోయిన మెరక నా మొహాన పారెయ్యి, ముసలి ప్రాణం అక్కడ పడి ఉంటుంది," అన్నాడు చలమయ్య.

కపిలయ్యని అడిగి చెబుతానంది చుక్కమ్మ. అడగమన్నాడు చలమయ్య. కాకపోతే తొందరగా అడగమన్నాడు. అవతలి లంక పందులు ఈ పడవ కోసం ఇప్పటికి ఎన్నిసార్లు కబురు పెట్టాయో చెబుతూ, తను మాట ఇవ్వలేదు కాబట్టి సరిపోయిందని నిట్టూర్చాడు. పైగా ఎగువన వానలట, వరద ఎర్రనీళ్లు బయల్దేరాయట. గుర్తుంచుకోండర్రా, అమ్మేవాడు మిమ్మల్ని తొందరపెడుతున్నాడంటే తొందర పడాల్సింది మీరు కాదు.

కపిలయ్య వచ్చి పడవ చుట్టూ ఒకసారి తిరిగాడు. ఇంకోసారి తిరిగాడు. మొగలిపూల వాసన కింద ఇంకేదో వాసన ఉన్నట్టు అనిపించింది గానీ అదేమిటో తేల్చుకోలేకపోయాడు. అడుగు పలక ఒకసారి గిట్టతో నొక్కి చూస్తానన్నాడు.

కొంగ ఒక కన్ను తెరిచింది. "పసుపు పూసిన తల్లిని కాలితో తంతారా కపిలయ్యగారూ? వయసు మీద పడింది, పాపం కూడా ఎందుకు నెత్తిన పెట్టుకోవడం?"

కపిలయ్య కాలు వెనక్కి తీసుకున్నాడు. అతనికీ భక్తి ఉంది మరి. ఆలోచించుకోవడానికి కాస్త వ్యవధి కావాలని మాత్రం అన్నాడు. చలమయ్య నవ్వి, బావగారి ఆలోచన పూర్తయ్యేసరికి మేకపిల్లలకి గడ్డాలు వస్తాయన్నాడు.

ఆ మధ్యాహ్నం చుక్కమ్మ పడవను ఆనుకుని కూర్చుంది. ఆనుకోవడం తప్పు కాదు కదా, అమ్మవారి ఒళ్లో కూర్చున్నట్టే. అలాగే కునుకు పట్టింది. కలొచ్చింది. లంక అంతా నీళ్లు, నీళ్ల మీద పడవ. పడవకి తెడ్డు లేదు, తోసేవాళ్లు లేరు, అయినా మబ్బు కదిలినట్టు కదులుతోంది. కింద నీళ్లలో రెల్లు దుబ్బులు ఊగుతున్నాయి, వాటి మధ్య చేపలు పిచ్చుకల్లా తిరుగుతున్నాయి. పిల్లలిద్దరూ అంచు మీద గడ్డాలు ఆనించి చూస్తున్నారు. ఆవిడకి ఏ భయమూ లేదు. ఎన్నాళ్లయిందో భయం లేకుండా ఊపిరి తీసి.

లేచేసరికి మనసు తేల్చేసుకుంది. బేరం ఒప్పేసుకుంటానంది. లంకలో బేరం కుదిరిందంటే ఇద్దరూ ఒకే రేవులో కలిసి నీళ్లు తాగాలి. తాగాక మాట తిరగదు. చలమయ్య అప్పటికే రేవులో మూతి వంచి సిద్ధంగా ఉన్నాడు. చుక్కమ్మ కూడా దిగి మూతి వంచబోయింది.

"చుక్కమ్మా, ఆగమ్మా," అన్నాడు కపిలయ్య ఒడ్డు మీంచి.

ఆవిడకి విసుగొచ్చింది. "ఏం మావయ్యా, ఇప్పుడు కూడా నెమరెయ్యాలా?"

"నీ ఒంటి మీద పసుపు అంటుకుంది. ఒకసారి దులుపుకో."

చుక్కమ్మ ఒళ్లు విదిలించింది. భుజం మీద పసుపు పొడిపొడిగా రాలిపోయింది. అడుగు పలకకి ఆనిన తొడ దగ్గరిది మాత్రం రాలలేదు. తడిగా, ముద్దలా, వెంట్రుకల్ని పట్టుకుని ఉంది.

ఇక్కడ ఆగి ఆలోచించండి. ఒకే రోజు పూసిన పసుపు. ఒకే నీడలో ఉన్న పడవ. ఒకచోట ఆరింది, ఒకచోట ఆరలేదు. ఎందుకని? లౌక్య చెయ్యెత్తింది, చెప్పమ్మా. ఆఁ, అదే. ఆరనిచోట చెక్క లోపల తడి ఉంది. కప్పడానికి పూసిన పసుపే గుట్టు బయటపెట్టింది.

చుక్కమ్మ మొహం చూస్తే ఆవిడకీ తెలిసిందని కపిలయ్యకి అర్థమైంది. అయినా అతను నక్కని దొంగ అనలేదు. అంటే ఏం లాభం, రుజువేదంటాడు. గీరి చూద్దామంటే అమ్మవారు అడ్డం. కాసేపు నెమరేసి, ఎంతో వినయంగా కొంగ వైపు తిరిగాడు.

"అయ్యా, నాకో సందేహం. అమ్మవారికి పసుపు పూశాక స్నానం చేయించకుండా ఉంచొచ్చాండీ?"

కొంగ రెండో కన్ను కూడా తెరిచింది. ఉంచొచ్చంటే తన పూజ మీద అనుమానం వస్తుంది. కూడదంటే నక్క ఊరుకోడు. చుట్టూ చేరిన బాతులూ ఉడతలూ పిల్లికూనలూ జవాబు కోసం చూస్తున్నాయి. చివరికి నీళ్లు నములుతూ, ఉంచకూడదంది.

"అయితే నీళ్లు మొయ్యడం మా వల్ల కాదు. ఆ తాటాకు కప్పు తీసేద్దాం, ఆకాశమే చేయిస్తుంది. ఒక్క వాన చూసి నీళ్లు తాగుదాం, చలమయ్యా," అన్నాడు కపిలయ్య.

చలమయ్య పసుపంతా కొట్టుకుపోతుందన్నాడు. మళ్లీ పూద్దామన్నారు. వాన రేపో ఎల్లుండో అన్నాడు. అందాకా ఆగుతామన్నారు. పందులన్నాడు. పందులకే ఇచ్చెయ్యమని ఎవరో బాతు వెనకనుంచి అంది.

కపిలయ్య చేసింది చూడండర్రా. పడవ ఏట్లో ఉంటే బయటి నీళ్లు లోపలికి వస్తాయి, అది తెలిసేసరికి మనం నడి ఏట్లో ఉంటాం. అదే పడవను ఒడ్డున దుంగల మీద పెట్టి లోపల నీళ్లు నింపితే? లోపలి నీళ్లు బయటికి వస్తాయి. చిల్లు అదే, కానీ మన కాళ్లు నేల మీద ఉంటాయి. నీరు పల్లమెరుగు అని ఊరికే అన్నారా.

వాన మర్నాడు మధ్యాహ్నమే వచ్చింది. ముందు గాలి వచ్చి రెల్లునంతా దువ్వింది. తరవాత అవతలి గట్టు మాయమైంది, తరవాత ఏరు మాయమైంది, చివరికి లంకా వానా తప్ప లోకంలో ఇంకేమీ మిగల్లేదు. అందరూ తుమ్మచెట్ల కింద నిలబడి పడవను చూస్తున్నారు. లోపల నీళ్లు మెల్లగా పెరుగుతున్నాయి. మొగలిపూలు తేలి గుండ్రంగా తిరుగుతున్నాయి. పడవ అడుగు నుంచి ఒక్క చుక్కయినా రాలేదు. చుక్కమ్మకి, ఏమో, మనమే పొరబడ్డామేమో అనిపించింది. నిజం చెప్పాలంటే ఆవిడ అదే కోరుకుంటోంది.

దుంగలు జారుతున్నాయేమో చూసి వస్తానని చలమయ్య పడవ కిందకి దూరాడు. ఎంతసేపటికీ బయటికి రాడు. చుక్కమ్మ వంగి చూసింది. అతను తన తోకను ముద్దలా చుట్టి అడుగు పలకకి అదిమిపెట్టి, నాలుగు కాళ్లూ నేలకి తన్నిపట్టి, పళ్లు కరుచుకుని నిలబడి ఉన్నాడు.

ఏమిటని అడిగే లోపే తారు పొర చర్మంలా ఊడింది. బంకమన్ను జారింది. బెల్లం ముద్దలాంటి ఆ చెక్క విరగను కూడా విరగలేదు, అలా కరిగి దారి ఇచ్చింది. పడవలోని వానంతా ఒక్క ధారగా చలమయ్య నెత్తిన పడింది. ఆయనగారు చెవుల నుంచి తోక దాకా పసుపు పచ్చగా, మెడలో ఒక మొగలిరేకుతో, పెళ్లికొడుకులా బయటికొచ్చాడు. పైన పటారం, లోన లొటారం. బాతులు నవ్విన నవ్వు వాన చప్పుడుని మించిపోయింది. కొంగ కోసం చూస్తే అప్పటికే ఇంకో జపానికి వెళ్లిపోయింది.

చుక్కమ్మ మాత్రం నవ్వలేదు. పడవ కిందకి వెళ్లి చిల్లు గుండా పైకి చూసింది. పడవ అంచు మీంచి లోపలికి తొంగిచూస్తూ పిల్లలిద్దరూ కనబడ్డారు.

"ఇందులో నా పిల్లల్ని ఎక్కించేదాన్ని," అంది నెమ్మదిగా.

ఆ మాటకి నవ్వేవాళ్లంతా ఆగిపోయారు. చలమయ్య ఒళ్లు దులుపుకోవడం కూడా ఆపాడు.

కాసేపటికి ఆవిడ ఈ పడవను ఏట్లోకి తోసెయ్యమంది. కపిలయ్య ఒప్పుకోలేదు. ఇప్పుడు పసుపు పోయింది కాబట్టి నొక్కి చూడొచ్చు కదా, పడవంతా గిట్టతో నొక్కి చూశాడు. పక్క పలకలు గట్టివి, ముక్కు గట్టిది. పుచ్చింది ఆ ఒక్కచోటే.

"చిల్లు ఎక్కడుందో తెలియని పడవని తోసెయ్యాలమ్మా. తెలిసిన పడవని బాగుచేసుకోవాలి," అన్నాడు.

ఆ మాట మంచిదేనంటూ చలమయ్య జారుకోబోయాడు. కపిలయ్య అతని తోక కొస మీద ఒక కాలు వేశాడు, బరువు మాత్రం వెయ్యలేదు.

"బాగుచేసేది నువ్వు బావా. వరద వచ్చినప్పుడు నీకూ ఇందులో చోటు ఉంది. నువ్వు కూర్చోవాల్సింది సరిగ్గా ఆ అతుకు మీద."

చలమయ్య బతిమాలాడు. తనకి పడవ పడదన్నాడు, కళ్లు తిరుగుతాయన్నాడు, ఆ మెరక మీద ఒక మూల చాలన్నాడు. మెరక ఇచ్చేది లేదన్నారు. తుమ్మకొమ్మ కావాలో అతుకు కావాలో తేల్చుకోమన్నారు. తుమ్మముళ్లు గుర్తొచ్చి అతుకే అన్నాడు.

ఇక చూడాలి అతని పని. మొదట పుచ్చంతా గీరేశాడు, గట్టి చెక్క తగిలేదాకా గీరాడు. ఏరు తెచ్చిపడేసిన పలక ఒకటి వెతికి తెచ్చాడు. కపిలయ్య దాన్ని తొక్కిపెడితే, తాటినారను నమిలి నమిలి మెత్తచేసి సందుల్లో కుక్కాడు. పైన తారు పూశాడు. వాన పడితే కిందకి దూరి వెల్లకిలా పడుకుని చూశాడు. ఒక చుక్క మీసం మీద పడింది. అంతా ఊడదీసి మళ్లీ కుక్కాడు. ఈసారి ఎవరూ మళ్లీ చెయ్యమని అడగలేదు, తనే చేశాడు. ఎవరి అడుగున చిల్లుందో వాళ్లకే శ్రద్ధ కుదురుతుంది.

ఎర్రనీళ్లు నిజంగానే వచ్చాయి. చప్పుడు లేకుండా వచ్చాయి. ముందు రెల్లు మొదళ్లలో నురగ కనబడింది, తరవాత పసుపు తోట ఆకులు నీళ్లలో ఊగడం మొదలైంది. అందరూ ఎక్కారు. ఒక చివర చుక్కమ్మా పిల్లలూ, మధ్యలో గోడలా కపిలయ్య, అతని ఇవతల అతుకు మీద చలమయ్య. ఆ ఏర్పాటు ఎందుకో మీకు చెప్పక్కర్లేదనుకుంటా. నీళ్లు పడవను దుంగల మీంచి మెత్తగా ఎత్తుకున్నాయి. పడవ అవతలి గట్టు వైపు, నిద్రలో నడిచినట్టు సాగింది. చుట్టూ తాటిచెట్ల తలలు మాత్రమే. ఆకాశం పైనా ఉంది, కిందా ఉంది.

లంక నడుమకి వచ్చాక చలమయ్య ఇటూ అటూ వెతికాడు. మెరక ఎక్కడా లేదు. ఉండాల్సిన చోట నీళ్లు గుండ్రంగా సుడి తిరుగుతున్నాయి. రాత్రికి రాత్రే గోదారి దాన్ని మిగిలిన పక్క నుంచి కూడా కోసుకుపోయింది.

"అన్నయ్యా, నువ్వు అడిగిన మెరక అదిగో," అంది చుక్కమ్మ.

చలమయ్య ఆ సుడి వెనకబడేదాకా చూసి, మెల్లగా ఒక కాలు తన కిందికి పెట్టి, అతుకు పొడిగా ఉందో లేదో తడుముకున్నాడు. పొడిగానే ఉంది. అవతలి గట్టు చేరేదాకా ఆ కాలు అక్కణ్ణుంచి తియ్యలేదు.

కనబడ్డ చిల్లు పని పెడుతుంది, కప్పిపెట్టిన చిల్లు ప్రాణం తీస్తుంది.

సరే, ఇక లేవండి. గోంగూర సగం వలిచి చాటలోనే వదిలేసి వచ్చాను. వాడిపోకముందే ఆ మిగిలిన కట్టలు వలుచుకోవాలి, నేను వస్తా.